చిల్లుల బల్ల

ఆగాగు, ఆ బల్ల మీద ఉత్తినే పరిచేస్తావేంటే! ముందు దుప్పటి రెండు మడతలు వెయ్యి, దాని మీద చొక్కా పెట్టు. లేకపోతే ఆ చిల్లుల అచ్చంతా నీ వీపు మీద పడుతుంది. సాయంత్రం మందిరంలో అంతమంది ముందు నిలబడేదానివి, వెనకవాళ్ళు ప్రార్థన మానేసి నీ వీపు చూస్తూ కూర్చుంటారు. ఏంటీ, పురుగు తొలిచిందా? ఆ చెక్కలోకి దిగాలంటే పురుగుకి పళ్ళు రాలతాయి. మనుషులు పెట్టిన చిల్లులే తల్లీ అవి. ఎవరో వడ్రంగి వరసలు కట్టి మరీ తొలిచాడు, చూశావా, అన్నీ ఒక్క కొలత. చిటికెన వేలు పడుతుంది, అంతే. మా అమ్మమ్మ ఆ చిల్లుల్లోంచే దేవుణ్ణి చూసింది, పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి జుట్టు నెరిసేదాకా. నవ్వకు, నిజంగానే. మా అమ్మమ్మంటే నీకు ముత్తమ్మమ్మ. నువ్వు అమ్మమ్మా అని పిలిచిన మనిషి నాకు పిన్ని. మా అమ్మకి చెల్లెలు. ఎవరెవరో ముందే చెప్తున్నా, మధ్యలో "పెద్దమ్మా, ఏ అమ్మమ్మ?" అని అడ్డం పడకు. నాకసలే ఒక మాట తెగితే మళ్ళీ అతకడం కష్టం. ఇస్త్రీ పెట్టె కాలనీ, ఇంకా టైముంది. కూర్చో.

మా అమ్మమ్మ లాండ్రీలో పనిచేసేది. నేనూ అక్కడే చేశాను, పెళ్ళి దాకా. మా అమ్మా నాన్నా వేరే ఊళ్ళో మిల్లు పనిలో ఉండేవాళ్ళు, నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. లాండ్రీ అంటే ఇప్పుడు మా కోడలు మీట నొక్కి సీరియల్ చూస్తుందే, అది కాదు. పెద్ద షెడ్డు, ఒక మూల బాయిలరు, వరసగా తొట్లు, పైన తాళ్ళు. ఆస్పత్రి దుప్పట్లు, హోటలు దుప్పట్లు, గుట్టలు గుట్టలు. ఆవిరికి ఎదుటి మనిషి మొహం ఆనేది కాదు, బాయిలరు రొదకి మాట వినపడేది కాదు. ఒక్క మా అమ్మమ్మ గొంతు తప్ప. మనిషి చూస్తే ఇంతే, తొట్టి అంచుకి గడ్డం ఆనేది. గొంతు మాత్రం దేవుడు ఎవరో పహిల్వాను కోసం చేయించి పొరపాటున ఈవిడకి పెట్టాడు. "ఆ మూల తొట్టి పొంగుతోందర్రా!" అందంటే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. ఆ గొంతుతో రోజంతా ఆయనతో మాట్లాడేది. ఆయనంటే తాతయ్య కాదు, దేవుడు. తాతయ్యతో ఏం మాట్లాడుతుంది, ఆయన ప్రతిదానికీ ఊఁ కొట్టే రకం. పొద్దున్న కాలు కింద పెడుతూనే "లేచావా నాయనా" అని దేవుణ్ణి పలకరించేది, నిద్రపోయేది ఆయనే అయినట్టు. సబ్బు అయిపోతే ఆయనకే చెప్పేది. ఎండ రాకపోతే ఆయన్నే తిట్టేది, "ఇన్ని దుప్పట్లు నీ నెత్తిన ఆరెయ్యమంటావా" అని. ఒకసారి బాగా కోపం వచ్చి పొద్దున్నుంచి ఆయనతో మాట మానేసింది. మధ్యాహ్నం దాటాక తనే, "సరే, ఇద్దరం పంతానికి పోతే ఎట్లా" అని మళ్ళీ మొదలుపెట్టింది. భక్తి అంటే నాకు అదే తెలుసు. కళ్ళు మూసుకుని ఊగేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ నిద్రపోతున్నారేమో అనిపిస్తుంది.

ఇక మందిరం. నువ్వు చూస్తున్న మందిరం కాదు, అప్పుడు హాలు మధ్యలో నిలువెత్తు చెక్క తడిక ఉండేది, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ముందు భాగం మగవాళ్ళది. గాలి, వెలుతురు, తివాచీ, అన్నీ వాళ్ళకే. వెనక మనం, చాపల మీద. ఆ తడికకే ఈ చిల్లులు. ఒక కన్ను పెట్టి చూస్తే ముందు వరసలో ఎవరిదో బట్టతల కనపడేది. అదే మన దర్శనం. కానీ ఒక సంగతి చూడు. ప్రార్థన అప్పుడూ ఇట్లాగే, పిలుపు, బదులు. పీఠం మీద నిలబడి మందిరం పెద్దాయన పిలుపు ఇస్తాడు, "తలుపు తీసేవాడెవరు?" అని. వెనక నుంచి ఆడవాళ్ళు బదులు, "తట్టిన చెయ్యి చూసేవాడు." మళ్ళీ ఆయన, మళ్ళీ మనం. బదులు ఆడవాళ్ళదే, ఎప్పటినుంచో. ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. మొత్తం మగవాళ్ళే చెప్పుకుంటే నోరు నొప్పెడుతుందని ఇచ్చి ఉంటారు, నన్నడిగితే. తల్లి కూతురికి, అత్త కోడలికి చెవిలో చెప్పి నేర్పేవాళ్ళు. మా అమ్మమ్మకి నేర్పింది ఆ పెద్దాయన తల్లే. పెళ్ళై కొత్తగా వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు చెప్తే తొడ మీద గిల్లి మరీ నేర్పిందిట. ఆ తర్వాత అన్నేళ్ళూ ఇద్దరూ ఒకే చాప మీద, భుజం భుజం రాసుకుని. మగవాళ్ళకి మాత్రం బదులు ఎవరూ నేర్పలేదు. వాళ్ళకి అవసరమేముంది? తాతయ్యని అడిగితే, "మీ అమ్మమ్మ చెప్తుందిగా" అనేవాడు. మంచినీళ్ళెక్కడున్నాయంటే ఎట్లా చెప్పేవాడో అట్లాగే.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం పిన్ని లాండ్రీకి వచ్చింది. అవును, మీ అమ్మమ్మే. ఆ ఆవిరిలో మొదట నేనే చూశాను, ఎవరో అనుకున్నాను, అంత సన్నబడి ఉంది. ఎడమ మణికట్టు తువ్వాలుతో కట్టుకుని ఉంది, చెయ్యి ఇంత లావున వాచింది. కడుపులో మీ అమ్మ. పిన్ని మొగుడికి గడియారాల షాపు. ఊరంతా ఆయన్ని గడియారాలాయన అనేవాళ్ళు. తెల్లటి చొక్కా, మెత్తటి మాట, మందిరంలో ముందు వరస. ఇంట్లో మాత్రం అన్నం పళ్ళెం ముల్లు మీద ముల్లు పడేసరికి ముందుండాలి. ఆలస్యమైతే పళ్ళెం తిరగబోసి, మెతుకు మెతుకూ ఏరమని కుర్చీలో కూర్చుని చూసేవాడట. ఆ రోజు ఏరనందిట పిన్ని. చెయ్యి విరిచాడు. పిన్ని నోట్లో నాలుక లేని మనిషి, నీకు తెలుసుగా. నిలబడి, ఒకే ఒక మాట అంది. "అమ్మా, నీ దేవుడు పొమ్మన్నా సరే నేను వెళ్ళను." అందరం అమ్మమ్మ మొహం చూశాం. అంత భక్తురాలు, మందిరం మాట దాటని మనిషి, సర్దుకుపో అంటుందనే అనుకున్నాం. అమ్మమ్మ చేతులు తుడుచుకుంది. ఆ చేతి కట్టు విప్పి చూసింది. "నా దేవుడు ఎందుకు పొమ్మంటాడే? ఆయనకి కళ్ళు లేవా? పొమ్మంటే ఆ పెద్దాయన అనాలి. ఇద్దరికీ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళు మొక్కుతున్నాననుకున్నావా?" అని, తన తుండుగుడ్డ చింపి మళ్ళీ కట్టి, ఎముకలు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పైకి చూసి, "చూస్తున్నావు కదా, గుర్తుపెట్టుకో" అంది. ఆయనకి పని అప్పజెప్పినట్టు.

పెద్దాయన నిజంగానే అన్నాడు. గడియారాలాయన వెళ్ళి ఆయన దగ్గర కూర్చుని ఏడ్చాడుగా, పరువు పోయిందని. చెయ్యి విరిచినవాడికి ఏడుపు, విరిగినదానికి తీర్పు! ఆ వారం మందిరంలో అందరి ముందూ చెప్పాడు, "మొగుడి గడప దాటొచ్చిన మనిషి ఈ గడప తొక్కడానికి లేదు. వెళ్ళి, క్షమించమని అడిగి, అతని వెనకాలే వస్తే అప్పుడు లోపలికి" అని. తడిక వెనక పిన్ని అమ్మమ్మ పక్కనే కూర్చుని ఉంది. తాళాలు చూసే ముసలాయన వచ్చి తలుపు దగ్గర నిలబడి దగ్గాడు. లేవమని చెప్పడానికి ఆయనకీ నోరు రాలేదు పాపం. పిన్ని లేచింది. మా అమ్మమ్మా లేచింది. నేను అనుకున్నాను, ఇప్పుడు ఆ గొంతు విప్పుతుంది, కప్పు లేచిపోతుంది అని. ఎక్కడ! చాప చుట్టి చంకన పెట్టుకుంది. బయటికొచ్చి, మందిరం మెట్ల మీద ఆ చాప పరిచి, కూతుర్ని కూర్చోబెట్టి, పక్కన తను కూర్చుంది. నేనూ వెళ్ళి కూర్చున్నాను, ఏం చేయను మరి. లోపల పెద్దాయన పిలుపు ఇచ్చాడు. అమ్మమ్మ పెదవులు బిగబట్టింది. "నా బిడ్డకి చోటు లేని చోట నా గొంతుకి మాత్రం చోటెందుకు? దీన్ని లోపలికి పిలిచిన రోజు బదులు చెప్తా. అప్పటిదాకా చెప్పను," అంది. నాతో కాదు. పైకి చూసి అంది. ఒట్టు పెట్టుకుంది.

లాండ్రీ అంటే మాటలు ఆవిరికంటే తొందరగా పాకే చోటు. మర్నాడు సాయంత్రం బాయిలరు దగ్గర పనిచేసే ఆవిడ వచ్చి మెట్ల మీద కూర్చుంది. "లోపల ఉక్కగా ఉంది" అంది. రోజంతా బాయిలరు ముందు నిలబడే మనిషికి ఉక్కట! ఆ మర్నాడు ఇస్త్రీ బల్లలవాళ్ళు. తర్వాత ఎవరెవరో, పంతులమ్మ, కూరలామె, కొత్త కోడళ్ళు, వాళ్ళని పిలవడానికి వచ్చిన అత్తలు, పిలవడానికొచ్చి వాళ్ళూ కూర్చుండిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు, అరవలేదు, ఊరికే కూర్చున్నారు. నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే కబుర్లంటారు, నలభై మంది మాట్లాడకుండా కూర్చుంటే మాత్రం మగవాళ్ళకి చెమటలు పడతాయి. లోపల తడిక వెనక ఉత్త చాపలు. పెద్దాయన పిలుపు ఇచ్చాడు, "ఆకలిగొన్నవాళ్ళకి ఎవరున్నారు?" అని. నిశ్శబ్దం. గోడ మీద బల్లి కదిలినా వినపడేట్టు ఉంది. మళ్ళీ పిలిచాడు. నేను కిటికీలోంచి చూశాను, మగవాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు, పరీక్షలో చదవని ప్రశ్న వచ్చినట్టు. పుట్టిన దగ్గర్నుంచి వింటున్న మాటే! ఒక్కడికి రాదు. అప్పుడు మా తాతయ్య, పాపం ఆయనకి ఎవరి ఇబ్బందీ చూడలేని మనసు, గొంతు సవరించుకుని, "ఇంట్లో ఆడవాళ్ళున్నారు" అన్నాడు. అంతే! మెట్ల మీద బాయిలరావిడ పొట్ట పట్టుకుని పడిపోయింది. పిన్ని నవ్వింది తల్లీ. పుట్టింటికొచ్చాక అదే మొదటిసారి దాన్ని నవ్వుతూ చూడడం. "విత్తనంలో ఉన్నవాడు ఉన్నాడు" అనాలి అక్కడ. తాతయ్య చెప్పింది మాత్రం తప్పా, నువ్వే చెప్పు. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఆయనకి మజ్జిగ ఇస్తూ, "ఇన్నేళ్ళకి ఒక నిజం చెప్పావు" అంది.

ఇదంతా నవ్వుతూ చెప్తున్నాను కానీ, ఏమాటకామాటే, అమ్మమ్మకి అది నవ్వులాట కాదు. పక్కన పడుకునేదాన్ని, నాకు తెలుసు. పిలుపుకి బదులు లేకపోతే ఆ ప్రార్థన పైకి వెళ్ళదని ఆవిడ నమ్మకం. సగం దారిలో, కప్పు కింద వేలాడుతూ ఉంటుందట, ఒంటి రెక్క పిట్టలాగా. అన్ని సాయంత్రాల ప్రార్థనలు తన మూలంగా అక్కడ వేలాడుతున్నాయని ఆవిడ కుమిలిపోయింది. లాండ్రీలో గొంతు మూగబోయింది. దేవుడితో మాటలు మానేసింది. పంతానికి కాదు, మొహం చెల్లక. తొట్టి పొంగినా చేత్తో చూపించేది. ఒకరోజు దుప్పటి పిండుతూ నేనే అడిగేశాను, "అంత బాధగా ఉంటే లోపలికెళ్ళి చెప్పెయ్యరాదా అమ్మమ్మా, పిన్నిని నేను చూసుకుంటాలే" అని. నా వైపు చూసి, "ఆయన దగ్గర మాట దాచుకున్నానని బాధ. బిడ్డని వదిలేసి ఆయన దగ్గరికి వెళ్తే, ఆ బిడ్డేదీ అని అడగడూ?" అంది. అడగడూ! ఆ నమ్మకం చూశావా? ఆయన ముందు అడిగేది ఆ ప్రశ్నే అని. పుస్తకాలు చదివి, మీటింగుల్లో మాట్లాడి నేను పెద్దయ్యాక నేర్చుకున్నదంతా ఆ మాట పక్కన పెడితే చిన్నబోతుంది.

అప్పుడు పోయింది ఆ పెద్దామె, పెద్దాయన తల్లి. మంచం పట్టి చాలా కాలమే అయింది. వాళ్ళ ఇల్లు మందిరం గోడకి ఆనుకునే ఉండేది, మంచంలోంచే ప్రార్థన వింటూ పెదవులు కదిపేది. ఆవిడ పోయిందని కబురు తెలిసేసరికి మేం దుప్పట్లు మడతపెడుతున్నాం, ఇటు అంచు నేను, అటు అంచు అమ్మమ్మ. అమ్మమ్మ చేతిలో అంచు అట్లాగే ఉండిపోయింది. "గిల్లే చెయ్యి పోయిందే" అంది. నాకు విషయం వెంటనే తట్టలేదు. పోయినవాళ్ళకి చెప్పే ప్రార్థన ఉంటుంది కదా, దానికీ బదులు ఆడవాళ్ళదే. బదులు లేకుండా సాగనంపితే? అమ్మమ్మ లెక్క ప్రకారం ఆ పెద్దామె కూడా కప్పు కింద వేలాడాల్సిందే. ఇటు చూస్తే ఒట్టు, అటు చూస్తే తనకి ప్రార్థన నేర్పిన మనిషి. అమ్మమ్మ మొహం తెల్లగా అయిపోయింది, మా దుప్పట్లకంటే తెల్లగా. ఇంతలో మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "పెద్దాయన వచ్చారు, పెద్దాయన" అన్నాడు. అంతకు ముందు ఆయన లాండ్రీ గుమ్మం తొక్కింది లేదు. ఆవిరిలో కళ్ళు చిట్లించుకుంటూ, తడి నేల మీద చెప్పులు జారకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు. పీఠం మీద చూస్తే తాటిచెట్టంత ఉండే మనిషి, అక్కడ తొట్ల మధ్య మామూలుగానే ఉన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. "ఏమ్మా, కోపం నా మీద. మా అమ్మ మీద కాదు కదా. ఒక్క పూట వచ్చి బదులు చెప్పు," అన్నాడు. "ఆఖరి రోజుల్లో రోజూ అడిగింది, ఏరా, ఆడవాళ్ళంతా ఏమైపోయార్రా, నీ గొంతొక్కటే ఒంటెద్దులా వినపడుతోంది అని. ఏం చెప్పను?" అన్నాడు.

అమ్మమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. వస్తానని అనేస్తుందనుకున్నాను. నన్ను పక్కకి జరగమని, నా చేతిలో అంచు ఆయన చేతిలో పెట్టించింది. "పట్టుకోండయ్యా, పని చేసుకుని బతికే మనుషులం, చేతులు ఖాళీగా ఉంచుకుని మాట్లాడడం మాకు రాదు" అంది. ఆయన పట్టుకున్నాడు. చెయ్యి ఇటు తిప్పాలో అటు తిప్పాలో తెలీక బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. అమ్మమ్మ అటునుంచి నాలుగడుగులు వేసి ఆగింది. ఆయన కదల్లేదు. దుప్పటి మధ్యలో జారి నేల తాకుతోంది. "రండి మరి" అంది. "నేనా?" అన్నాడు. "మరెవరు? పెద్ద దుప్పటయ్యా ఇది. ఇద్దరూ నడిస్తేనే మడత. నేనే మొత్తం నడిచొస్తే కింద ఈడ్చి మురికి చేసినట్టే." ఆయన అన్నీ తెలిసిన మనిషే, మాట అర్థమైంది. "ఆ అమ్మాయిని లోపలికి రానిస్తే, నేనిచ్చిన తీర్పు నేనే తిన్నట్టవుతుంది. రేపు నా మాట ఎవరు వింటారు?" అన్నాడు, నెమ్మదిగా. "లోపలికి పిలవమని ఇవాళ అడగను. నా ఒట్టు నేను కొంచెం వదులుతాను. గడప లోపల బదులు చెప్పను, అంతే. మీరూ కొంచెం వదలండి. అమ్మని బయటికి తీసుకురండి. మెట్ల మీద తడిక లేదు, గడప లేదు, మీ తీర్పూ లేదు. నా బిడ్డని పక్కన పెట్టుకుని, నాకు నేర్పిన మాట నాకు నేర్పినామెకి వినిపిస్తాను." ఆయన ఆ అంచు వంక చూశాడు. తర్వాత నడిచాడు. వచ్చి ఆ రెండు కొసలు అమ్మమ్మ చేతిలో పెట్టాడు. మడత వంకరే వచ్చిందనుకో. నేను తర్వాత విప్పి మళ్ళీ వేశాను.

ఆ సాయంత్రం నువ్వు చూడాలి తల్లీ. ఎండ ఇంకా పోలేదు. మంచంతో సహా ఆ పెద్దామెని బయటికి తెచ్చి మెట్ల కింద పెట్టారు. వీధి నిండిపోయింది. పెద్దాయన మంచానికి అటు, మేం ఇటు. అమ్మమ్మ పక్కన పిన్ని, చేతికి కట్టు, కొంగు కప్పుకోలేదు. కప్పుకోవద్దంది అమ్మమ్మ, "అందరూ చూడనీ, మనమేం విరిచామా?" అని. గడియారాలాయన ముందు నిలబడ్డాడు, తెల్ల చొక్కా. మెత్తగానే అన్నాడు, "ఈవిడ ఇక్కడుంటే నేను ఉండను" అని. పెద్దాయన తలెత్తలేదు. అమ్మమ్మే అంది, "వెళ్ళు నాయనా, నీకు టైమవుతోంది." వీధి చివరి దాకా నవ్వు పాకింది, చావు దగ్గర! ఆ నవ్వులో మనిషి ఎటు పోయాడో కనపడలేదు. అప్పుడు పెద్దాయన పిలుపు ఇచ్చాడు. గొంతు వణికింది. "వెళ్ళేవాళ్ళని ఎవరు పిలిచారు?" అని. నాకు గుర్తుంది, అమ్మమ్మ ముందు ఊపిరి తీసుకుంది, బావిలో చేద వదిలినట్టు. "పంపినవాడే పిలిచాడు!" అబ్బ! అన్నాళ్ళు దాచుకున్న గొంతు. వెనకాల మేమందరం. తడిక లేదు, కప్పు లేదు, అడ్డం ఏదీ లేదు. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్న మనిషి అట్లాగే నిలబడిపోయింది. అన్నేళ్ళు మగవాళ్ళు మా గొంతు చెక్క వెనక నుంచే విన్నారు కదా, అసలు గొంతు ఎట్లా ఉంటుందో వాళ్ళకి తెలీదు. మా తాతయ్య నోరు తెరుచుకుని అమ్మమ్మనే చూస్తున్నాడు, పెళ్ళిచూపుల్లో చూసినట్టు. "పిలిచినవాడి ముంగిట్లో చోటెవరికి?" అన్నాడు పెద్దాయన. ఈసారి అమ్మమ్మ చెప్పలేదు. పిన్ని వైపు తిరిగి, మోచేత్తో పొడిచింది. పిన్ని, నోట్లో నాలుక లేని మనిషి, ఒక్కతే చెప్పింది. "వచ్చినవాళ్ళందరికీ చోటుంది." చిన్న గొంతే. కానీ అందరికీ వినపడింది. పెద్దాయన అడిగిన ప్రశ్నకే, ఆయన బయటికి పంపిన మనిషి, ఆయన తల్లి ముందు బదులు చెప్పింది. ఇంకేం అంటాడు? మెట్ల మీదకి జరిగి, అక్కడే అందరి ముందూ, "అమ్మా, లోపలికి రా" అన్నాడు. పిన్నితో. అమ్మమ్మ పైకి చూసింది. "ఇదిగో, ఆగిపోయినవన్నీ ఒకేసారి పంపిస్తున్నా, లెక్క చూసుకో" అంది ఆయనతో. మళ్ళీ మాటలు కలిశాయి ఇద్దరికీ.

తడిక ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండలేదు. మగవాళ్ళే తీసెయ్యమన్నారు, వెనక నుంచి సరిగ్గా వినపడట్లేదట! ఇన్నాళ్ళు వినపడింది మరి. ఊడదీసిన పలకలు పొయ్యిలోకి పోతుంటే అమ్మమ్మ ఒకటి అడిగి తెచ్చుకుని కాళ్ళు పెట్టించింది. "ముక్కు అరిగేట్టు దీనికి ఆనించుకు కూర్చున్నా, ఇక ఇది నాకు పని చెయ్యాలి" అంది. ఎముక అతుక్కున్నాక పిన్ని ఈ బల్ల మీదే ఇస్త్రీ చేసి మీ అమ్మని పెంచింది. గడియారాలాయన గడప పిన్ని మళ్ళీ తొక్కలేదు. మందిరంలో మగపిల్లలకి బదులు నేర్పింది ఎవరనుకున్నావు? మీ అమ్మమ్మే. తప్పు చెప్తే గిల్లేది. తడిక తొందరగానే ఊడింది కానీ, ఆ పీఠం ఎక్కడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది మనకి. ఆడగొంతు పిలుపు ఇవ్వడం ఇవాళే మొదలు, తెలుసుగా. గొంతు వణికితే వణకనీ, పెద్దాయనకీ వణికింది. నువ్వు పిలు, చాలు. కింద మొదటి వరసలో మీ అమ్మ ఉంటుంది, నేనుంటాను, బదులు మా...

ఏంటా వాసన? పెట్టె! ఒసేయ్, పెట్టె ఎత్తవే!